మారు భుజం

ఆ సీజన్ మొత్తమ్మీద నా కొడుకు బాస్కెట్‌బాల్ కోర్టులో ఉన్నసేపు కంటే మామక్ తిండి కొట్లో మీ గోరెంగ్ నూడుల్స్ పొట్లం కట్టడానికి పట్టే సేపే ఎక్కువ అనేవాడు సుబ్రమణియం. మా రామాలయం కమిటీకి అతను చైర్మన్. అతను ఏమన్నా నవ్వేవాళ్ళు నలుగురు ఎప్పుడూ పక్కనే ఉంటారు. ఈ మాటకు మాత్రం అందరికంటే ముందు నేను నవ్వేవాణ్ణి.

యువన్‌కి అప్పుడు ఇరవయ్యొకటి. మా ఇంట్లో ప్రతి గుమ్మమూ వంగి దాటేవాడు. మలేసియాలో ఈ కువాలా సెలంగోర్ పామాయిలు తోటల్లో పుట్టిన తెలుగు పిల్లల్లో బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నవాడు నాకు తెలిసి వాడొక్కడే. మావాళ్ళకు బంతి అంటే కాలితో తన్నేదే. స్కూల్లో ఒక చీనా టీచరమ్మ వీడి ఎత్తు చూసి ఆ పెద్ద బంతి చేతిలో పెట్టింది. ఆ జనవరిలో క్లాంగ్ హెరన్స్ అనే జట్టు వాణ్ణి ఒక సీజన్‌కి తీసుకుంది. చొక్కా మీద కొంగ బొమ్మ ఉంటుంది. వాడితో పాటు ఇంకో ముగ్గురు కుర్రాళ్ళనీ తీసుకున్నారు. నలుగురూ బెంచి మీద కూర్చునేవాళ్ళే. సీజన్ అయ్యాక ఇద్దరినే ఉంచుకుంటామనీ, మిగతా ఇద్దరూ వేరే దారి చూసుకోవాలనీ మొదటి రోజే చెప్పేశారు.

నేను లారీ తోలతాను. తోటల్లో కోసిన పామాయిలు గెలలు మిల్లుకి చేరవేయడం నా పని. ఆరో తరగతితో బడి మానేశాను. నన్ను ఎవరూ ఎప్పుడూ దేనికీ ఎంచుకోలేదు. నా కొడుకును ఎంచుకున్నారంటే ముందు నమ్మలేదు. ఎంచుకుని కూర్చోబెట్టారని తెలిశాక నమ్మాను. మన రాత ఇలాగే ఉంటుంది కదా.

ఫిబ్రవరిలో మొదటి మ్యాచ్‌కి నేనూ మా ఆవిడ ప్రేమిలా వెళ్ళాం. పెళ్ళికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టుకుంది, తల్లో మల్లెపూలు పెట్టుకుంది. క్లాంగ్‌లో ఆ హాలు నిండా చీనా కుర్రాళ్ళు, వాళ్ళ చేతుల్లో గాలి నింపిన ప్లాస్టిక్ కర్రలు. వాటితో కొట్టే చప్పుడుకి చెవులు పగిలిపోతున్నాయి. మావాడు ఆకుపచ్చ జాకెట్టు జిప్పు మెడదాకా లాక్కుని బెంచి చివర కూర్చున్నాడు. ఆట ఆగినప్పుడల్లా దిగ్గున లేచేవాడు. బయటికొచ్చే వాళ్ళకి కుర్చీ ఇచ్చేవాడు, నీళ్ళ సీసా ఇచ్చేవాడు. మార్కస్ అని అమెరికా నుంచి తెచ్చుకున్న పెద్ద ఆటగాడు ఒకడున్నాడు. అతనికి తువ్వాలు అందించాడు. మళ్ళీ కూర్చుని, మోకాళ్ళ మీదకి వంగి, ఏదో కొంప మునిగిపోతున్నట్టు అరుస్తూ చప్పట్లు కొట్టేవాడు. ఆట అయ్యేదాకా ఆ జిప్పు కిందికి దిగలేదు.

తిరిగి వస్తూ కారులో అడిగాను.

"ఆడి సెమట నువ్వు తుడిసినావేటిరా?"

"తుడవలేదు నానా. టవలు ఇచ్చినాను."

"ఇయ్యడానికి మనుసుల్ని ఎట్టుకోరా?"

"మేమే లా ఆ మనుసులం." మలైవాళ్ళలాగ మాటకి 'లా' తగిలించడం వాడికి అలవాటు.

"ఆ సప్పట్లేటి మరి?"

"అదీ పనే నానా. కోచ్ సూస్తాడు, ఎవడు మేలుకోనున్నాడో."

"ఆ పని మీ అమ్మ కూడా సేసింది. ఆమెకీ జీతం ఇమ్మను."

వాడు నవ్వాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాడు. ప్రేమిల మాత్రం వెనక సీట్లోంచి చెయ్యి చాచి వాడి తల నిమిరి, "నీ జాకెట్టు బాగున్నాది నాయనా" అంది.

ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో బిడ్డను మొహం మీద పొగడరు. పొగిడితే ఆయుష్షు తగ్గుతుందంటుంది మా అమ్మ దేవుడమ్మ. ఎవరైనా "మీ వాడు ఎంత బాగున్నాడమ్మా" అంటే "ఏటి బాగు, బొగ్గులాగున్నాడు, తిండిపోతు" అనాలి. ఆ తిట్టు నీడలో బిడ్డ చల్లగా ఉంటాడు. మా అయ్య నన్ను అలాగే పెంచాడు, వాళ్ళయ్య ఆయన్ని అలాగే. నేను యువన్ గురించి నలుగురిలో మంచిమాట అన్నట్టు నాకు గుర్తు లేదు. అది ప్రేమ కాదని ఎవరైనా అంటే అప్పట్లో కొట్టేసి ఉండేవాణ్ణి.

మార్చిలో ఒకరోజు మిల్లులో గెలలు దింపేసి, ఖాళీ లారీతో నేరుగా క్లాంగ్ వెళ్ళాను. ప్రాక్టీసు హాలు బయట లారీ ఆపి, కోచ్ లిమ్ బయటికొచ్చేదాకా నిలబడ్డాను. పొట్టి మనిషి, మెడలో విజిల్. నన్ను చూసి గొడవకొచ్చాననుకున్నాడు. నిజానికి గొడవకే వెళ్ళాను. అతను నా భుజం మీద చెయ్యేసి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టుకి తీసుకెళ్ళాడు. చెరో కోపీ చెప్పి, మలై భాషలో మొదలుపెట్టాడు.

"అడుగు బాస్."

"కూర్చోబెట్టడానికే అయితే మావాణ్ణెందుకు తీసుకున్నావు?"

"మొదటి ఐదుగురూ మ్యాచ్ గెలిపిస్తారు. కాని వాళ్ళూ మనుషులే కదా. ఊపిరందక బయటికొచ్చి కూర్చుంటారు చూడు, మ్యాచులు పోయేది ఆ కాసేపట్లోనే. వాళ్ళు మళ్ళీ లేచేదాకా ఆటను కింద పడనివ్వకుండా పట్టుకునే చేతులు నాకు కావాలి. పాయింట్లు వెయ్యక్కర్లేదు. పట్టుకుంటే చాలు. కుర్రాళ్ళని తీసుకునేది అందుకే."

"మావాడికి అదైనా వచ్చా?"

లిమ్ నన్ను వింతగా చూశాడు.

"నీ కొడుకు కుడి చెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో ఎప్పుడైనా చూశావా? రింగుకి తగిలి బంతి పైకి లేస్తుంది. అందరూ అది దిగేదాకా ఆగుతారు. వీడు ఆగడు, పైనే తీసుకుంటాడు. ఆ చెయ్యి నా జట్టులో ఇంకెవరికీ లేదు. మార్కస్‌కి కూడా లేదు."

నేను కోపీ గ్లాసు కింద పెట్టేశాను.

"మార్కస్ మోకాలు బాగాలేదు" అన్నాడు లిమ్, గొంతు తగ్గించి. "ఏప్రిల్ రెండో వారానికల్లా ఆపరేషన్‌కి పంపిస్తారు. అప్పుడు నీ కొడుకును దించుతాను. నేననుకున్నట్టు ఆడితే, ఉంచుకునే ఇద్దరిలో వాడొకడు. నేనే అడుగుతాను క్లబ్బుని. అప్పటిదాకా వాణ్ణి పదిలంగా చూసుకో. తిండి, నిద్ర. అంతే."

"వాడికి చెప్పావా?"

"స్కానింగ్ రిపోర్టు రాకుండా నేను చెబితే జట్టులో గోలవుతుంది. నువ్వు తండ్రివి. నీ ఇష్టం, చెప్పుకో."

దారి పొడుగునా లారీలో నాకు నేనే ఆ మాటలు చెప్పుకున్నాను. ఇంటికొచ్చి ప్రేమిలను పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, వెంటనే ఫోను తీసింది.

"ఎవరికి?"

"ఆడికి. ఇప్పుడే సెప్పేద్దాం బావా. పాపం, ఎంత సంతోషిస్తాడో."

"ఎట్టీ ఆ ఫోను. ముందే నోటి మీదకి తెస్తే గాల్లో కలిసిపోద్ది. ఆడనీ ముందు. నీ నోట్లోంచి ఊడిందంటే సూడు."

"తండ్రి సెప్తే దిస్టేటి బావా?"

"తండ్రి దిస్టే మొదటిది" అన్నాను. మా అయ్య మాట అది. ప్రేమిల ఫోను పమిట కొంగు కింద పెట్టేసుకుంది.

దిష్టి తగలకుండా నేను ఇంకాస్త ఎక్కువ చేశాను కూడా. వాడు సెలవు రోజు ఇంటికొస్తే "ఏరా, ఈ వారం ఎన్ని తువ్వాళ్ళు పంచినావు?" అనేవాణ్ణి. రామాలయం వాట్సాప్ గ్రూపులో ఎవడో వాడు బెంచి మీద చేతులు కట్టుకుని కూర్చున్న ఫోటో పెట్టి, తల మీద కిరీటం అతికించి, కింద 'బెంచి మహారాజు' అని రాశాడు. అందరూ పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ గ్రూపులో యువన్ కూడా ఉన్నాడని నాకు తెలుసు. లోపల మాత్రం, నవ్వండ్రా, ఏప్రిల్ రానివ్వండి, మీ నోళ్ళు ఎలా పడతాయో చూస్తాను అనుకున్నాను. వాడికి ఆ లోపలి మాట ఎలా తెలుస్తుంది?

శ్రీరామనవమి ఆ ఏడు ఏప్రిల్ మొదటి ఆదివారం పడింది. మా రామాలయం పాత రబ్బరు తోటలో ఉంది. రబ్బరు పోయి పామాయిలు వచ్చింది, కూలీల లైను ఇళ్ళు పోయి పట్నాల్లో ఇళ్ళు వచ్చాయి. గుడి మాత్రం అక్కడే ఉంది. నవమినాడు ఎక్కడెక్కడివాళ్ళూ కార్లేసుకుని వస్తారు. పొద్దున కల్యాణం, సాయంత్రం పల్లకీ. ఆ పల్లకీని మోసే ముందు దండె కుడివైపు మా ఇంటివాళ్ళది. మా తాత పట్టాడు, మా అయ్య పట్టాడు, కిందటేడు దాకా నేను పట్టాను. ఈ ఏడు నా నడుం డిస్కు జారింది. బరువెత్తితే కాళ్ళు పని చెయ్యవన్నాడు డాక్టరు.

పల్లకీ అంటే మోసేవాళ్ళే అనుకుంటారు చూసేవాళ్ళు. పక్కన చేతులూపుకుంటూ నడిచేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని మారు భుజంవాళ్ళు అంటాం. మోసేవాడు అలిసిపోయి "మారు!" అని అరవగానే నడక ఆగకుండా దండె కిందకి దూరి భుజమిస్తారు. స్వామి నేలకు దిగకూడదు కదా. వాళ్ళు లేకపోతే పల్లకీ తోట మొదటి మలుపు కూడా దాటదు. ఇది నాకు బొడ్డూడని వయసు నుంచీ తెలుసు.

కల్యాణం భోజనాలయ్యాక మండపంలో కూర్చున్నప్పుడు సుబ్రమణియం మొదలుపెట్టాడు. పంచాయితీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ మాటైనా మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"పైడీ, ముందు దండె సంగతేటి? మా అల్లుడు పకీరిసామి ఉన్నాడు, ఎద్దులాగున్నాడు. ఈ ఏడు ఆడికిచ్చీమంటావా?"

ఒక ఏడాది ఇస్తే ఇక అది తిరిగి రాదు. అందరికీ తెలుసు. నేను నడుం పట్టుకుని కూర్చున్నాను.

"మీ యువన్ ఉన్నాడు కదా" అన్నాడు వెనక నుంచి ఎవడో. "ఆణ్ణి ఎత్తమను."

మా అమ్మ విస్తరాకులు ఏరుతున్నదల్లా లేచి నిలబడింది. "ఈ ఏడు ఆణ్ణి ఒగ్గీండ్రా. గుంటడు ఎండిపోయున్నాడు. ఇచ్చీరా పైడీ, దండె ఎక్కడికి పోద్ది."

నాకు లిమ్ మాట చెవిలో మోగుతోంది. పదిలంగా చూసుకో. ఇంకో వారం. నోరు తెరిచి, మావాడికి వచ్చే వారం పెద్ద ఆట ఉంది, వాడి భుజం నాకు ముఖ్యం అంటే చాలు. ఆ మండపంలో, రాముడి ఎదురుగా, సుబ్రమణియం ముందర, బంతాట కోసం పల్లకీ వద్దని ఎలా అంటాను? అన్నానే అనుకోండి, "ఆడతాడంటావా?" అని వాళ్ళందరి కళ్ళూ వాడి మీద పడవూ? అందుకని రోజూ చేసే పనే చేశాను.

"ఆడా? ఆడికి కూకోడం తెలుసు గాని మొయ్యడం తెల్దన్నా. రాములోరిని బెంచి మీద ఎట్టీగలడు" అన్నాను.

మండపం అంతా ఘొల్లున నవ్వింది. సుబ్రమణియం తొడ చరిచాడు. గండం గడిచిందనుకున్నాను.

యువన్ వంటల దగ్గర్నుంచి నీళ్ళ క్యాను మోసుకొస్తున్నాడు. స్తంభం దగ్గర ఆగి ఉన్నాడని అప్పుడు చూశాను. క్యాను కింద పెట్టాడు. టీషర్టు తీసి మడిచి దాని మీద పెట్టాడు.

"మామ్మా, తుండు ఇయ్యి" అన్నాడు.

"వద్దురా" అంది మా అమ్మ.

"ఇయ్యి మామ్మా."

తుండు నాలుగు మడతలు పెట్టి కుడి భుజం మీద వేసుకుని, నా మొహం చూడకుండానే నా పక్కనుంచి వెళ్ళాడు.

"సబాష్!" అని అరిచాడు సుబ్రమణియం. "మహారాజు బెంచి దిగినాడ్రోయ్!"

ఆడవాళ్ళ వరసలోంచి ప్రేమిల నన్నే చూస్తోంది. పెదాలు కదుపుతూ ఏదో అంటోంది. మైకులో భజన మొదలయింది. వినిపించలేదనుకోవడానికి నాకది సరిపోయింది.

మోసేవాళ్ళందరికంటే వాడు జానెడు పైనున్నాడు. పొడుగువాడు దండె కింద ఉంటే బరువంతా వాడి మీదికే వస్తుంది. పక్కవాళ్ళ భుజాలకి దండె ఆనను కూడా ఆనదు. నేను మోసినప్పుడు మోకాళ్ళు వంచి నడిచేవాణ్ణి. ఆ కిటుకు వాడికి చెప్పలేదు. కాస్త దూరం పోయాక పక్కన నడుస్తున్న కుర్రాడు "మారు ఇయ్యన్నా" అన్నాడు. యువన్ తల అడ్డంగా ఊపాడు. మలుపు దగ్గర ఇంకొకడు అడిగాడు. మళ్ళీ అలాగే ఊపాడు. ఆ వరసలో పకీరిసామి కూడా రెండుసార్లు మార్చుకున్నాడు. వీడు మార్చుకోలేదు. దారి పొడుగునా జనం హారతులు పడుతూ, "ఎవుర్రా ఈ పొడుగోడు? పైడిరాజు కొడుకా? మొగోడ్రా!" అంటున్నారు. పల్లకీ వెనక నడుస్తున్న నాకు, నిజం చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. నడుం నొప్పి కూడా మర్చిపోయాను.

కాలవ మీద కల్వర్టు దిగేటప్పుడు వెనకవాడెవడో కాలు జారాడు. పల్లకీ ముందుకు తూలింది. స్వామివారి గొడుగు వాలిపోయి ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. యువన్ కుడి చెయ్యి పైకెత్తి దండెను మెడకి అదిమి పట్టుకుని నిలబడిపోయాడు. పల్లకీ ఊగి ఊగి ఆగింది. "గోవిందా!" అని ఒక్కసారిగా అరిచారందరూ. మళ్ళీ నడిచారు.

గుడికి చేరాక సుబ్రమణియం తన మెడలో దండ తీసి వాడి మెడలో వేశాడు. ఫోటోలు తీశారు. మా అమ్మ ఇత్తడి గ్లాసుతో పానకం తెచ్చింది. వాడు ఎడమ చెయ్యి చాచాడు.

"పెసాదంరా. కుడి సెయ్యి సాపు, తప్పు."

"సెయ్యి మురికిగా ఉన్నాది మామ్మా."

"ఏదీ" అని ఆమె పమిట కొంగుతో తుడవబోయింది. వాడు చటుక్కున వెనక్కి తగ్గాడు. ఎడం చేత్తోనే గ్లాసు లాక్కుని, నవ్వుతూ తాగేశాడు. మా అమ్మ నా వైపు తిరిగి చూసింది. నేనూ చూశాను. మొదటిసారి మోసినవాడికి భుజం పట్టేస్తుంది, వేణ్నీళ్ళు పోసుకుంటే అదే పోతుందిలే అనుకున్నాను.

మంగళవారం వాడి ఫోను వచ్చింది. స్పీకరు పెట్టింది ప్రేమిల.

"అమ్మా, మార్కస్‌కి ఆపరేషన్ అంట. శనివారం నన్ను దించుతాడంట కోచ్."

"అలాగా!" అన్నాను, అప్పుడే విన్నట్టు.

ప్రేమిల నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

"సంతోసమే కదరా?" అన్నాను.

అవతల ఎవరో బంతి కొడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత "సంతోసమే లా" అన్నాడు.

శనివారం మా అమ్మను కూడా తీసుకెళ్ళాం. రెండో భాగంలో లిమ్ వాడి పేరు పిలిచాడు. జిప్పు దించి, జాకెట్టు పక్కవాడికిచ్చి, వాడు కోర్టులోకి నడిచాడు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఆ కాసేపూ వాడు చేసింది ఏ లెక్కలోకీ రాదు. తనవాడికి దారివ్వడానికి అవతలి జట్టులోని భారీ మనిషికి అడ్డంగా నిలబడి గుద్దించుకున్నాడు. చేతులు చాచకుండా కాళ్ళతోనే ఒకణ్ణి మూలకి తోసుకుపోయాడు. బంతి వస్తే చేతిలో ఉంచుకోకుండా చక్కగా అందించాడు. మావాళ్ళ జట్టు ఒక్క పాయింటు కూడా వెనకపడలేదు. లిమ్ గీత పక్కన గెంతుతున్నాడు. ఇదా, పట్టుకోవడం అంటే ఇదా అని నాకు అప్పుడు కాస్త అర్థమయింది.

అప్పుడు అవతలివాళ్ళ బంతి రింగుకి తగిలి పైకి లేచింది. సరిగ్గా మావాడి నెత్తి మీదికి. అందరూ అది దిగేదాకా ఆగారు. యువన్ ఎగిరాడు. కుడి చెయ్యి చెవిదాకా లేచి అక్కడే ఆగిపోయింది. గాల్లోనే ఎడమ చెయ్యి చాచాడు. బంతి వేళ్ళకు తగిలి అవతలివాడి చేతుల్లో పడింది. కాసేపటికి మళ్ళీ అదే జరిగింది. మూడోసారి వాడు ఎగరలేదు.

లిమ్ వాణ్ణి బయటికి పిలిచాడు. జాకెట్టు తొడుక్కోలేకపోతుంటే పక్కనున్న జున్ వెయ్ అనే కుర్రాడు చెయ్యి దూర్చి సాయం చేశాడు. కూర్చున్నాక వాడు మళ్ళీ ముందుకు వంగి, ఎడం చేత్తో తొడ మీద కొట్టుకుంటూ జట్టుకోసం అరవడం మొదలెట్టాడు.

మా అమ్మ పైకే అనేసింది, "పానకం రోజే సూసినాన్రా నేను" అని.

ఆట అయ్యాక లిమ్ నన్ను వరండాలో పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"భుజంలో నరం తెగింది బాస్. మా ఫిజియో ముట్టుకుంటే కేక పెట్టాడు. వారం నుంచీ దాచాడు. ఏమయిందంటే మోటారు సైకిలు మీంచి పడ్డానంటాడు. నిజమేనా?"

యువన్ అతని వెనకే, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళతోనే నన్ను బతిమాలుతున్నాడు. ఎవరిని కాపాడుతున్నాడో ఆ కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది.

"మోటారే కోచ్" అన్నాను.

"ఒక్కటే అడిగాను నిన్ను" అన్నాడు లిమ్ గొంతు తగ్గించి, తల తిప్పుకుని. "పదిలంగా చూసుకోమన్నాను. అంతే కదా." అదృష్టమో దురదృష్టమో, మావాడికి మలై అర్థమయినా, హాల్లోంచి వస్తున్న గోలలో ఆ మాట వాడిదాకా వెళ్ళలేదు.

మే ఆఖరికి సీజన్ అయిపోయింది. ఉంచుకున్న ఇద్దరి ఫోటోలూ క్లబ్బువాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టారు. జున్ వెయ్, సరవాక్ నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు. రామాలయం కమిటీ కూర్చున్నప్పుడు నేనే అన్నాను, "సీనావోళ్ళ ఆట, సీనావోళ్ళే ఉంటారు. మనోళ్ళని ఎక్కడ రానిస్తారు" అని. అందరూ అవునవునన్నారు. సుబ్రమణియం ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. ఇంట్లోనూ అదే మాట అన్నాను.

యువన్ కంచంలోంచి తలెత్తాడు. "అలాగ అనకు నానా. జున్ వెయ్ మంచోడు. నాకు అన్నం కలిపి ఎట్టినాడు ఆడు, సెయ్యి లేవనప్పుడు."

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గాయి. ప్రేమిల గుడికి రావడం మానేసింది. అడిగితే ఒంట్లో బాగా లేదనేది. నాకు అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది. నా మొహం మాత్రం చూడదు. యువన్‌కి షా ఆలంలో ఒక గోదాములో పని దొరికింది. డబ్బాల మీద బార్‌కోడు గీతలకు మిషను చూపించే పని. అది ఎడం చేత్తో చెయ్యొచ్చు. ఆట సంగతి ఎత్తడు. టీవీలో వస్తే లేచి వెళ్ళిపోతాడు. తనకు ఆ ఆట చేతకాలేదని, ఏదో ఎత్తు చూసి తీసుకున్నారని, వాడే స్నేహితులతో ఫోనులో అంటుంటే నేను విన్నాను. నవ్వుతూ అంటున్నాడు. అచ్చం నా నవ్వే.

ఆ మాట ప్రేమిల కూడా వింది.

"నువ్వు సెప్తావా బావా, నన్ను సెప్పమంటావా?" అంది పెరట్లోకి వచ్చి. "ఆ కోచ్ మాట నా కడుపులో కుళ్ళిపోతన్నాది. ఆడు సేతకానోణ్ణనుకుంటన్నాడు."

"ఇప్పుడు సెప్తే ఏటొస్తాది?"

"ఆడిది ఆడికి ఇచ్చీ."

తర్వాతి ఆదివారం వాడికి సెలవు. నాతో లారీలో రమ్మన్నాను. గెలల సీజను కావడంతో మిల్లు గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందు లారీ మీంచి కుళ్ళిన గెలల వాసన వస్తోంది. ఇంజను ఆపేశాను. వాడు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

"కోచ్ నీ గురించి ఒక మాటన్నాడురా" అన్నాను.

"ఏటి, తిట్టినాడా?"

"నేదు. నీ కుడి సెయ్యి ఉన్నాది సూడు... బంతి దిగేదాకా ఆగకండా పైనే తీసుకుంటావంట. ఆ సెయ్యి జట్టులో ఇంకెవుడికీ నేదన్నాడు. ఆ మార్కస్‌కీ నేదన్నాడు. నిన్నే ఉంచుకోమని తనే అడుగుతానన్నాడు క్లబ్బుని."

నా కొడుకును నేను మొహం మీద పొగడడం అదే మొదలు. మాటలు ఎవరో పక్కనుండి అందిస్తుంటే అప్పజెప్పినట్టు వచ్చాయి. చెబుతున్నంతసేపూ స్టీరింగే చూశాను. ముగించి వాడి వైపు తిరిగాను. వాడి మొహం మారింది. చిన్నప్పుడు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినప్పుడు ఉండే మొహం అది. కుడి చేతిని ఒళ్ళో తిప్పి, అరచేతిని చూసుకున్నాడు.

"నిజంగానా లా? మార్కస్‌కి కూడా నేదన్నాడా?"

"ఆ."

"ఎప్పుడన్నాడు నానా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆట అయిపోయాక అన్నాడని, నిన్న ఫోను చేశాడని. నోటిదాకా వచ్చింది కూడా.

"మార్చిలో" అన్నాను.

వాడు అరచేతిని మెల్లగా మూసుకున్నాడు. ముందు లారీ వెనక తలుపు మీద ఆరిన మట్టిని చూస్తూ కూర్చున్నాడు. నాకు తిట్టించుకోవాలనిపించింది. మా అయ్యను నేను ఎన్నడూ తిట్టలేదు, వీడైనా తిడితే బాగుండుననిపించింది.

"అమ్మకి తెల్సా?" అన్నాడు.

"తెల్సు. నేనే సెప్పొద్దన్నాను."

తల ఊపాడు. వెనక ఎవడో హారన్ కొట్టాడు. వాడు చెయ్యి చాచి అద్దం దించుకున్నాడు, బయటికి తిరిగే అన్నాడు.

"ముందరోడు కదిలినాడు నానా. పోనీ."